వేరే మెమరీకి వీబయోస్ మార్పు: జీకే208 ల్యాప్‌టాప్ డైరీ

బోర్డు: మదర్‌బోర్డు మీదే సోల్డర్ చేసిన జీఫోర్స్ జీటీ 740ఎం, లోపల జీకే208 చిప్ (ఇదే జీపీయూ, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్), 64-బిట్ మెమరీ బస్.
ఉన్న మెమరీ: సామ్‌సంగ్ డీడీఆర్3, 2 గిగాబిట్ చిప్‌లు నాలుగు. మొత్తం 1 జీబీ. అందులో ఒకటి పోయింది.
పెట్టబోయేది: పనికిరాని మరో బోర్డు నుంచి తీసిన హైనిక్స్ 4 గిగాబిట్ చిప్‌లు నాలుగు. మొత్తం 2 జీబీ.

హాట్ ఎయిర్ అలవాటున్నవాళ్లకు చిప్ మార్చడం పెద్ద కథేం కాదు. మారిన చిప్‌ని వీబయోస్ (గ్రాఫిక్స్ చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్) చేత ఒప్పించడమే అసలు పని. ఈ డైరీ ఎక్కువగా దాని గురించే.

మొదలుపెట్టే ముందు మీ కార్డు ఏ తరానిదో చూసుకోండి. ఎన్విడియాలో పాస్కల్ నుంచి వీబయోస్‌కి డిజిటల్ సంతకం తనిఖీ ఉంది, మార్చిన ఫైలు నడవదు. ఏఎండీలో వేగా నుంచి అదే పరిస్థితి. పొలారిస్‌లో మార్చిన బయోస్‌తో కార్డు లేస్తుంది గానీ విండోస్ డ్రైవర్ పేచీ పెడుతుంది. ఫెర్మీ, కెప్లర్‌లకు ఈ గొడవ లేదు (జీకే208 కెప్లర్ తరానిదే). చెక్‌సమ్ (బైట్ల మొత్తం) సరిపోతే చాలు.

## దశ 1: బోర్డు ఒప్పుకుంటుందా?

రెండు చిప్‌లూ 16-బిట్ వెడల్పువే, రెండూ 96 బాల్స్ (చిప్ కింది సోల్డర్ గుళ్లు) ప్యాకేజీయే. కాలమ్ అడ్రస్‌లు 10 బిట్లు, బ్యాంకులు 8, ఇవీ మారవు. తేడా వరుసల్లోనే. 2 గిగాబిట్ చిప్‌కి వరుస అడ్రస్ 14 బిట్లు (ఏ0 నుంచి ఏ13), 4 గిగాబిట్ చిప్‌కి 15 (ఏ14 అదనం). ఏ14 లైను బోర్డు మీద జీపీయూ దాకా వెళ్లకపోతే ఫర్మ్‌వేర్‌తో ఎన్ని కుస్తీలు పట్టినా సగం మెమరీ రాదు. అందుకే ఈ కొలత ముందు.

1. పాత చిప్‌లు నాలుగూ తీసి ప్యాడ్లు శుభ్రం చేశా.
2. ఏ14 బాల్ స్థానం టీ7, ఏ13 స్థానం టీ3. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో గ్రౌండ్‌కి కొలిచా: టీ3 దగ్గర 0.412, టీ7 దగ్గర 0.415. నాలుగు చోట్లా దాదాపు ఇంతే. టీ7 దగ్గర లైను తెగినట్టు చూపించి ఉంటే ప్రాజెక్టు ఇక్కడే ఆగేది.
3. ఎల్8 బాల్ దగ్గర జెడ్‌క్యూ రెసిస్టర్ (చిప్ తన సిగ్నల్ బలం సరిచూసుకునేది) 240 ఓమ్స్. నాలుగూ సరిగ్గానే ఉన్నాయి.
4. మెమరీ సప్లై 1.51 వోల్టులు, రిఫరెన్స్ 0.755.

కొత్త చిప్‌లు 1.35 వోల్టుల రకం (డీడీఆర్3ఎల్). డీడీఆర్3ఎల్ చిప్‌లు 1.5 దగ్గర కూడా పనిచేసేలా తయారైనవే కాబట్టి సప్లై ముట్టుకోలేదు. దీన్ని తిరగేసి 1.35 బోర్డు మీద 1.5 చిప్‌లు పెడదామనుకునేవాళ్లు మాత్రం ఆగాలి.

ఇక స్ట్రాప్. తన చుట్టూ ఏ మెమరీ ఉందో జీపీయూ ఆ మెమరీ చిప్‌లని అడిగి తెలుసుకోదు, బోర్డు మీది ఒక రెసిస్టర్‌ని చూసి తెలుసుకుంటుంది. ఈ తరం ల్యాప్‌టాప్ బోర్డుల్లో రోమ్_ఎస్ఐ అనే పిన్ను మీది రెసిస్టర్ 4 బిట్ల సంఖ్య చెబుతుంది. గ్రౌండ్ వైపు కడితే 5 కిలో ఓమ్స్ అంటే 0, 10 అంటే 1, 15 అంటే 2, 20 అంటే 3, 24.9 అంటే 4, 30.1 అంటే 5, 34.8 అంటే 6, 45.3 అంటే 7. సప్లై వైపు కడితే ఇదే వరుసలో 8 నుంచి 15. నా బోర్డులో గ్రౌండ్ వైపు 15 కిలో ఓమ్స్ ఉంది, అంటే స్ట్రాప్ 2.

ఇప్పటిదాకా: చిప్‌లు 4 మారాయి, రెసిస్టర్లు 0, రోమ్‌లో బైట్లు 0.

## దశ 2: రోమ్ బయటికి తీయడం

ఈ బోర్డు మీద గ్రాఫిక్స్‌కి వేరే రోమ్ చిప్ లేదు. ఇంటెల్ గ్రాఫిక్స్‌తో కలిసి పనిచేసే చాలా ల్యాప్‌టాప్‌లలో ఇంతే, వీబయోస్ సిస్టమ్ బయోస్ లోపలే ఉంటుంది. కాబట్టి 8 ఎంబీ సిస్టమ్ బయోస్ చిప్ మొత్తం చదవాలి.

ప్రోగ్రామర్ (బయోస్ చిప్ చదివి రాసే పరికరం) సీహెచ్341ఏ, నల్ల బోర్డు రకం. దీని రోగం తెలిసిందే: సప్లై 3.3 వోల్టులే ఇస్తుంది గానీ డేటా లైన్లు 5 వోల్టుల దగ్గర ఆడతాయి. నా దాని మీద కొలిస్తే 4.9 వచ్చింది. సీహెచ్341ఏ చిప్‌కి వెళ్లే 5 వోల్టుల పిన్ను ఎత్తి 3.3కి వైరు వేశాక డేటా లైన్లు 3.3కి దిగాయి. ఈ పని చేయకుండా బయోస్ చిప్ కాళ్లకి క్లిప్ పెట్టకండి. ఆ 5 వోల్టులు బయోస్ చిప్ దగ్గరే ఆగవు, అదే లైన్ల మీదున్న చిప్‌సెట్‌కీ వెళ్తాయి.

క్లిప్‌తో బోర్డు మీదే చదివితే ప్రతిసారీ హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటి సంఖ్య) వేరేగా వచ్చింది. రెండు ఫైళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేడాలు ఒకచోట లేవు, అక్కడక్కడా ఒక్కో బిట్ మారుతోంది. క్లిప్ ఇచ్చే కరెంటు బయోస్ చిప్‌కే కాక అదే సప్లై లైను మీదున్న మిగతా భాగాలకూ పోతోంది. చిప్ కాలి దగ్గర సప్లై కొలిస్తే 2.6. బ్యాటరీ, చిన్న సెల్ తీసేసినా 2.7 దాటలేదు. చివరికి చిప్‌ని బోర్డు నుంచి తీసి సాకెట్‌లో పెట్టి చదివా. వరుసగా మూడు రీడింగులూ ఒకే హ్యాష్.

ఆ తర్వాత:

1. యూఈఎఫ్ఐటూల్‌తో (బయోస్ ఫైలు లోపలి భాగాలు విడదీసే ప్రోగ్రాం) ఫైలు తెరిచి, ఎన్విడియా వెండర్ నంబరు 10డీఈ కోసం వెతికా. ఫైల్లో బైట్లు తిరగేసి డీఈ 10గా ఉంటాయి.
2. 55 ఏఏ తో మొదలయ్యే భాగాన్ని విడిగా సేవ్ చేశా. మూడో బైటు పరిమాణం చెబుతుంది, 512 బైట్ల లెక్కన.
3. ఆ పరిమాణం మేరకు బైట్లన్నీ కూడితే చివరి 8 బిట్లు సున్నా రావాలి. వచ్చింది.

మార్చి తిరిగి పెట్టడానికి యూఈఎఫ్ఐటూల్‌లో పాత 0.28 వెర్షన్ కావాలి. కొత్త తరం వెర్షన్లు చూపించడానికే, మార్చడానికి కావు.

## దశ 3: పట్టికలు చదవడం

నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఇక్కడిదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

వీబయోస్‌లో ఎఫ్ఎఫ్, బీ8 బైట్ల తర్వాత బీఐటీ అని అక్షరాలు కనిపిస్తాయి. అదొక విషయసూచిక. అందులో ఎం అనే ఎంట్రీ మెమరీది. ఈ రోమ్‌లో అది 2వ వెర్షన్: మొదటి బైటు కాలమ్‌ల సంఖ్య (ఇక్కడ 8; ఒక్కో మెమరీ రకానికి ఒక కాలమ్, చిప్‌లోని కాలమ్ అడ్రస్‌తో సంబంధం లేదు), తర్వాతి రెండు బైట్లు ఒక అనువాద పట్టిక చిరునామా. ఆ పట్టికలో 16 బైట్లు, స్ట్రాప్‌కి ఒకటి. జీపీయూ స్ట్రాప్‌ని హెక్స్ 101000 రిజిస్టర్‌లో 2 నుంచి 5 వరకు బిట్లలో పెడుతుంది. ఫర్మ్‌వేర్ ఆ సంఖ్య తీసుకుని, పట్టికలో చూసి, ఏ కాలమ్ వాడాలో తేల్చుకుంటుంది.

కాలమ్ ఎక్కడ వాడతారు? మొదటిది, స్టార్టప్ స్క్రిప్ట్. అందులో 8ఎఫ్ అనే ఆప్‌కోడ్ (ఆదేశం సంఖ్య) ఉంటుంది. దాని తర్వాత మొదటి రిజిస్టర్ చిరునామా, అడుగు ఎంత, రిజిస్టర్లు ఎన్ని, ఆ పైన ఒక్కో రిజిస్టర్‌కి ఎనిమిదేసి విలువలు, ఒక్కోటి 4 బైట్లు. ఎన్వీటూల్స్‌లోని ఎన్వీబయోస్ ప్రోగ్రాం వీటిని చదవగలిగే రూపంలో విప్పి చూపిస్తుంది. హెక్స్ ఎడిటర్‌లో కళ్లు కాయలు కాచేలా వెతకక్కర్లేదు.

నా రోమ్‌లో 0 నుంచి 5 దాకా నిజమైన కాలమ్‌లు, అన్నీ 2 గిగాబిట్ చిప్‌లవే. 6, 7 ఖాళీ, వాటిలో 0వ కాలమ్ నకలే ఉంది. అంటే 4 గిగాబిట్ చిప్‌లకు ఈ రోమ్‌లో చోటుంది గానీ విలువలు లేవు.

విలువలు ఊహించి రాయలేదు. ఇదే జీపీయూ, ఇదే హైనిక్స్ చిప్‌లు ఉన్న దాత బోర్డు (చిప్‌లు తీసిన ఆ పనికిరాని బోర్డు) రోమ్ నా దగ్గరుంది. రెండు స్క్రిప్ట్‌లనూ పక్కపక్కన పెట్టి, ఒకే రిజిస్టర్లు ఉన్న చోట దాత కాలమ్ విలువలు తీసుకుని నా 6వ కాలమ్‌లో రాశా. రిజిస్టర్లు 9, వాటిలో నిజంగా మారిన బైట్లు 21. ఒక చోట దాత రోమ్‌లో ఆ రిజిస్టరే లేదు. అక్కడ 2వ కాలమ్‌లో ఉన్నదే ఉంచా, ఎందుకంటే అది బోర్డు వైరింగ్‌కి సంబంధించిన విలువలా కనిపించింది, అన్ని కాలమ్‌లలోనూ ఒకటే.

ఇక 6వ కాలమ్‌ని ఎలా ఎంచుకోవాలి? రెండు దారులు: 15 కిలో ఓమ్స్ రెసిస్టర్ తీసి 34.8 పెట్టడం, లేదా అనువాద పట్టికలో స్ట్రాప్ 2 ఎదురుగా ఉన్న 2ని 6 చేయడం. రెండోదే తీసుకున్నా. ఒక్క బైటుతో అయిపోతుంది, వెనక్కి తీసుకోవడమూ తేలిక. రెసిస్టర్ దారిలో ఒక లాభం లేకపోలేదు: బోర్డు చూడగానే ఏదో మార్చారని తర్వాతివాళ్లకి తెలుస్తుంది. నేను చిప్‌ల పక్కన చిన్న స్టిక్కర్ అతికించి సరిపెట్టా.

ఇప్పటిదాకా: చిప్‌లు 4, రెసిస్టర్లు 0, బైట్లు 23 (కాలమ్ 21, పట్టిక 1, చెక్‌సమ్ 1).

## దశ 4: ఫ్లాష్ చేయకుండానే పరీక్ష

సిస్టమ్ బయోస్‌లో వేసి చూడటం ప్రతిసారీ చిప్ ఊడదీసే పని. దానికి లినక్స్‌లో నూవో (ఎన్విడియా కార్డులకు ఓపెన్‌సోర్స్) డ్రైవర్ మంచి దారి చూపిస్తుంది. కెర్నల్ పారామీటర్లలో నూవో కాన్ఫిగ్‌కి ఎన్వీబయోస్ అనే ఆప్షన్ ఉంది. అందులో ఫైలు పేరు ఇస్తే డ్రైవర్ అసలు రోమ్ వదిలేసి ఆ ఫైలు వాడుకుంటుంది. ఎన్వీఫోర్స్‌పోస్ట్ ఆప్షన్‌కి 1 ఇస్తే స్టార్టప్ స్క్రిప్ట్‌లను కొత్తగా నడుపుతుంది.

1. మార్చిన రోమ్‌ని ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో పెట్టు.
2. రెండు ఆప్షన్లూ ఇచ్చి బూట్ చెయ్యి.
3. కెర్నల్ లాగ్‌లో మెమరీ పరిమాణం చూడు.
4. బఫర్లు నింపి, తిరిగి చదివి, పోల్చే చిన్న ఓపెన్‌జీఎల్ ప్రోగ్రాం నడుపు.

లాగ్‌లో 2048 ఎంబీ, డీడీఆర్3 అని వచ్చింది. బూట్ గడియారం (మెమరీ క్లాక్ వేగం) 405 మెగాహెర్ట్జ్ దగ్గర గంటసేపు పరీక్షలో ఒక్క తప్పూ లేదు. డీబగ్ ఫోల్డర్‌లోని పీస్టేట్ (వేగం స్థాయి మార్చే) ఫైల్లో 0ఎఫ్ రాసి 900కి ఎక్కించగానే తప్పుల వరద. కొన్ని సెకన్లకే డ్రైవర్ చేతులెత్తేసింది.

ఇక్కడ చూసిన అనుమానాలు, ఒక్కోటి ఎలా కొట్టేశానో:

ఏ14 సరిగ్గా లేదా? ఆ లైను సమస్య అయితే కింది సగంలో రాసింది పై సగంలో ప్రత్యక్షమవ్వాలి. అలాంటిది ఒక్కటీ లేదు, పైగా 405 దగ్గర శుభ్రంగా ఉంది.

సోల్డరింగ్? తప్పులు ఎక్కువ వచ్చిన మూడో చిప్‌ని మళ్లీ వేడిచేసి కూర్చోబెట్టా. తప్పుల లెక్కలో తేడా రాలేదు. తర్వాతి పరీక్షలో ఎక్కువ తప్పులు ఒకటో చిప్‌లో వచ్చాయి.

క్యాస్ లేటెన్సీ (చదవమన్నాక డేటా రావడానికి ఆగే క్లాక్ చక్రాలు)? ఒకటి పెంచి చూశా. మార్పు లేదు.

వేడి? చల్లగా ఉన్నప్పుడు మొదటి సెకనులోనే తప్పులు. కాదు.

తప్పుల తీరులో ఒకటి గమనించదగ్గది: చిరునామాలు ప్రతిసారీ వేరు, కానీ వచ్చినప్పుడు గుంపుగా వస్తాయి. ఏదో క్రమం తప్పకుండా జరిగే పనికి రాతలు అడ్డుపడుతున్నట్టు. మెమరీలో అలా జరిగేది ప్రధానంగా రిఫ్రెష్ (కారిపోకముందే డేటాని మళ్లీ నింపడం), సగటున 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి. ఒక రిఫ్రెష్ మొదలయ్యాక చిప్‌ని ఎంతసేపు ముట్టుకోకూడదో చెప్పేది టీఆర్‌ఎఫ్‌సీ. డీడీఆర్3లో 2 గిగాబిట్ చిప్‌కి అది 160 నానోసెకన్లు, 4 గిగాబిట్‌కి 260.

900 మెగాహెర్ట్జ్ దగ్గర 160 నానోసెకన్లు అంటే 144 గడియారాలు (క్లాక్ చక్రాలు). రోమ్ టైమింగ్ పట్టికలో 900 వేగం వాడుతున్న ఎంట్రీలో చూస్తే హెక్స్ 90, సరిగ్గా 144. దొంగ దొరికినట్టే అనిపించింది. కానీ అనిపించడం చాలదు, కొలవాలి.

144 గడియారాల విలువ అలాగే ఉంచి, పర్ఫార్మెన్స్ పట్టికలో మెమరీ వేగం మాత్రం తగ్గిస్తూ పోయా. టైమింగ్ ఎంట్రీ ఆ వేగాల శ్రేణి మొత్తానికి ఒకటే కాబట్టి మారేది నానోసెకన్లే:

550 మెగాహెర్ట్జ్: 262 నానోసెకన్లు, తప్పులు 0
600: 240 నానోసెకన్లు, తప్పులు 0
700: 206 నానోసెకన్లు, పది నిమిషాల్లో 37
800: 180 నానోసెకన్లు, పది నిమిషాల్లో 11 వేల పైచిలుకు
900: 160 నానోసెకన్లు, పరీక్ష పూర్తి కాదు

600 దగ్గర నియమం ప్రకారం తప్పులు రావాలి గానీ చిప్‌లో ఉన్న మార్జిన్ కాపాడుతోంది. ఈ మార్జిన్‌ని నమ్ముకుని వదిలేస్తే వేడి పెరిగిన రోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

మరి 405 దగ్గర ఎందుకు బాగుంది? బూట్ టైమింగ్‌లు స్టార్టప్ స్క్రిప్ట్ కాలమ్ నుంచి వస్తాయి, అక్కడ దాత విలువలు ఉన్నాయి. వేగం మార్చినప్పుడు డ్రైవర్ చూసేది మరో పట్టిక. అందులోనూ వేగాల శ్రేణికి ఎనిమిదేసి ఉప ఎంట్రీలు, ప్రతిదాంట్లో ఏ టైమింగ్ వాడాలో ఒక నంబరు. నా 6వ ఉప ఎంట్రీ 0వ దానికి నకలు, కాబట్టి 2 గిగాబిట్ టైమింగ్‌నే చూపిస్తోంది. కాలమ్ వాడే రెండో చోటు ఇదే. ఈ పని చేసేవాళ్లు ఆగి చూసుకోవాల్సింది ఇక్కడే: స్క్రిప్ట్ మారిస్తే సైజు సరిగ్గా కనిపిస్తుంది, బూట్ అవుతుంది, అంతా అయిపోయిందనిపిస్తుంది.

మార్పు:

1. టైమింగ్ పట్టికలో వాడని స్లాట్ ఒకటి ఎఫ్ఎఫ్‌లతో నిండి ఉంది. పాత 900 ఎంట్రీని అందులోకి కాపీ చేశా, 44 బైట్లు.
2. కాపీలో మాత్రం టీఆర్‌ఎఫ్‌సీ బైటు 90 తీసి ఈఏ పెట్టా, అంటే 234. 260ని 0.9తో గుణిస్తే వచ్చేది అదే.
3. 900 శ్రేణిలో 6వ ఉప ఎంట్రీ టైమింగ్ నంబరుని కొత్త స్లాట్‌కి మళ్లించా.
4. చెక్‌సమ్ మళ్లీ సరిచేశా.

పాత ఎంట్రీనే దిద్దేస్తే ఒక్క బైటుతో పోయేది కదా అని అడగొచ్చు. దాన్ని మరో మూడు కాలమ్‌లు వాడుతున్నాయి. రేపు 2 గిగాబిట్ చిప్‌లు తిరిగి పెడితే అనవసరంగా నెమ్మదవుతాయి.

900 దగ్గర రాత్రంతా పరీక్ష, తప్పులు 0.

ఇప్పటిదాకా: చిప్‌లు 4, రెసిస్టర్లు 0, బైట్లు 68.

## దశ 5: సిస్టమ్ బయోస్‌లోకి

1. యూఈఎఫ్ఐటూల్ 0.28లో పాత వీబయోస్ భాగాన్ని కొత్తదానితో మార్చు. పరిమాణం ఒక్క బైటు కూడా మారకూడదు.
2. సేవ్ చేసిన ఫైలు మళ్లీ తెరిచి, లోపలిది తీసి, మనం పెట్టినదానితో హ్యాష్ పోల్చు.
3. చిప్‌లో రాసి, తిరిగి చదివి, మళ్లీ పోల్చు.
4. చిప్ బోర్డుకి సోల్డర్ చెయ్యి.

ల్యాప్‌టాప్ లేచింది. తెర ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడుస్తుంది కాబట్టి వీబయోస్ పాడైనా చీకటి పడదు, గుడ్డిలో మెల్ల. ఎన్వీబయోస్ ఆప్షన్ తీసేసి నూవోతో బూట్ చేస్తే మాత్రం మళ్లీ 1 జీబీ, మళ్లీ తప్పులు. డీబగ్ ఫోల్డర్‌లోని వీబయోస్ ఫైలు తీసి చూస్తే అది పాతదే, ఒక్క బైటూ మారలేదు.

బయోస్ ఫైల్లో ఈ వీబయోస్ రెండు చోట్ల ఉంది, డివైస్ నంబరు కూడా రెండింటిలో ఒకటే. వెర్షన్ స్ట్రింగ్‌లో చివరి అంకె వేరు. ఏసీపీఐ (సిస్టమ్ బయోస్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కి సమాచారం అందే దారి) ద్వారా డ్రైవర్‌కి వెళ్లేది రెండోది. ఏది వాడుతున్నారో ముందే తెలుసుకోవాలంటే, మార్పు మొదలుపెట్టకముందే నడుస్తున్న సిస్టమ్ నుంచి వీబయోస్ తీసుకుని బయోస్ ఫైల్లోని ప్రతి కాపీతో పోల్చాలి. రెండిటి మధ్య మెమరీ పట్టికల్లో తేడా లేదు కాబట్టి అవే 68 బైట్లు రెండో దాంట్లోనూ రాశా, చెక్‌సమ్ మాత్రం విడిగా లెక్కేసి. మళ్లీ చిప్ తీయడం, రాయడం, పెట్టడం. ఈసారి చిప్ చోట సాకెట్ సోల్డర్ చేశా. దశ 2లోనే చేసి ఉంటే ఎంతో హాయి.

ఇప్పటిదాకా: చిప్‌లు 4, రెసిస్టర్లు 0, బైట్లు 68 చొప్పున రెండు కాపీల్లో 136, సాకెట్ 1.

## దశ 6: చివరి కొలతలు

ఎన్విడియా 470 డ్రైవర్ వేసి (కెప్లర్‌కి ఇదే ఆఖరి శాఖ) మెమ్‌టెస్ట్ వల్కన్ (గ్రాఫిక్స్ మెమరీని పరీక్షించే ప్రోగ్రాం) నడిపా. 1.8 జీబీ మీద నాలుగు గంటలు, తప్పులు 0.

వేగం కొంచెం తగ్గింది. కాగితం మీద 64-బిట్ బస్, 900 మెగాహెర్ట్జ్‌కి 14.4 జీబీ ప్రతి సెకనుకి. కాపీ పరీక్షలో పాత చిప్‌లతో గతంలో 11.9 వచ్చేది, ఇప్పుడు 11.7. కారణం రిఫ్రెషే: 7,800 నానోసెకన్లలో 160 పోతే 2 శాతం, 260 పోతే 3.3 శాతం. పెద్ద చిప్‌కి ఈ పన్ను కట్టక తప్పదు. 950 మెగాహెర్ట్జ్ ప్రయత్నించలేదు. టీఆర్‌ఎఫ్‌సీ 247కి వెళ్తుంది, 8 బిట్లలో పడుతుంది, కానీ నా చిప్‌ల గ్రేడు 900కే.

మిగిలిపోయింది ఒకటి. నూవోతో నిద్ర నుంచి లేచాక అప్పుడప్పుడు మెమరీ 405 దగ్గరే ఆగిపోతోంది, పీస్టేట్‌లో 0ఎఫ్ మళ్లీ రాస్తే ఎక్కుతోంది. 470 డ్రైవర్‌తో ఇది రాలేదు. దాత రోమ్‌లో లేని ఆ ఒక్క రిజిస్టర్ విలువ మీద నా అనుమానం. దాన్ని వేర్వేరు విలువలతో మార్చి మార్చి ఎన్వీబయోస్ ఆప్షన్ ద్వారానే చూస్తున్నా. తేలేదాకా సాకెట్‌లోని చిప్ ముట్టుకోను.